డీజే లేని రోజు కూడా మోత అంటున్నారు మామగారు

కోనసీమలో వశిష్ఠ పాయ గట్టుకు దగ్గరలో ఉన్న ఒక ఊరి నుంచి ఒక ఇల్లాలు రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెప్తాను.

భర్త కువైట్‌లో డ్రైవరు. ఇక్కడ ఇంట్లో ఆమె, ఏడో తరగతి చదివే కూతురు, అత్తమామలు, పెళ్లికాని మరిది. మామగారికి డెబ్బై రెండేళ్లు. వయసులో ఉండగా బియ్యం మిల్లులో బస్తాలు మొయ్యడానికి చేరి, తరవాత అదే మిల్లులో ముప్పై ఏళ్ల పైన ఇంజను చూసుకున్నారు. ఇప్పుడు పిలిస్తే పలకరు. "మామయ్యగారూ, అన్నానికి రండి" అని ఎదురుగా నిలబడి మూడుసార్లు అంటే గానీ తలెత్తరు.

మరిది రెండేళ్ల కిందట డీజే సెట్టు కొన్నాడు. నాలుగు బేస్ బాక్సులు, నాలుగు టాపులు (బేస్ కాక మిగతా పాట పలికే బాక్సులు), ఆంప్లిఫయర్లు, మిక్సరు, లైట్లు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, వినాయక నిమజ్జనాలు, అమ్మవారి జాతరలు, చేతినిండా పనే. సామానంతా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంటుంది. షెడ్డు గోడకి ఇవతల మామగారి గది. ఫంక్షన్‌కి ముందు రోజు సాయంత్రం అక్కడే టెస్టింగ్ పెడతాడు. అటక మీద ఇత్తడి బిందెలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయట. మామగారు మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంటారట. ఒక్కోసారి లేచి పైకప్పు వాసాల వంక చూస్తూ నిలబడతారట.

చిక్కు ఇక్కడ మొదలైంది. "పిలిస్తే వినబడని మనిషికి డీజే ఎలా వినబడుతుంది వదినా?" అంటాడు మరిది. "పని చెప్తే చెవుడు, పాట పెడితే మోత" అంటారు అత్తగారు. వీధిలోవాళ్లకి కూడా ఇదొక వేళాకోళమైపోయింది. పైగా కనుమనాడు ప్రభల తీర్థానికి వెళ్లి డప్పుల పక్కనే నిలబడి చూసొస్తారు, అప్పుడు ఏ బాధా లేదు. ఇంకా విచిత్రం, డీజే ఎక్కడా మోగని రాత్రుల్లో కూడా లేచి "ఏంటా మోత, ఆపమను" అంటారు. "మామయ్యగారంటే నాకు గౌరవమే. కానీ నిజంగానే నటిస్తున్నారా అని నాకూ అనిపించింది. అలా అనుకున్నందుకు సిగ్గుగా ఉంది" అని రాశారామె.

పోయిన నెల మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పోలీస్ స్టేషన్‌కి బయల్దేరారు, సొంత కొడుకు మీద పిటిషన్ పెడతానని. వీధి చివరి నుంచి నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చారు. ఇప్పుడు మాఘమాసంలో పాపకి ఓణీల ఫంక్షన్ ఉంది. మరిది తన నాలుగు బేస్ బాక్సులకి ఇంకో నాలుగు బయటి నుంచి తెచ్చి ఇంటి ముందే పెడతానంటున్నాడు. ఆ రోజు ఈ గుమ్మంలో ఉండనని మామగారు. భర్తకి ఫోన్ చేస్తే "నువ్వే ఏదో ఒకటి సర్దు" అన్నారు. భీమవరంలో ఉన్న ఆడపడుచు నాన్నని కొన్నాళ్లు తన దగ్గరికి పంపెయ్యమంటోంది.

చిట్టచివర, సంతకానికి పైన ఒకే ఒక్క వాక్యం: సెట్టు కొనేటప్పుడు ఈవిడ బంగారం ఆరు కాసులు తాకట్టు పెట్టారు.

మామగారిది నాటకమా, మరిదిని మాన్పించాలా, పోలీసులదాకా వెళ్తే ఏమవుతుంది, ఫంక్షన్ ఎలా గట్టెక్కాలి. ఇవీ అడిగినవి.

అమ్మా,

మొదటి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. మీ మామగారిది నాటకం కాదు. పిలుపు వినబడకపోవడం, డీజే భరించలేకపోవడం రెండూ ఒకే చెవికి ఉంటాయి. మీ అత్తగారి మాట చమత్కారంగానే ఉంది గానీ చెవి పాడయ్యే తీరు వేరు.

చెవి లోపల కాక్లియా అనే భాగంలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలుంటాయి. పోతే మళ్లీ రావు. వయసు మీద పడ్డా, ఏళ్ల తరబడి పెద్ద చప్పుడులో పనిచేసినా ముందుగా పోయేవి సన్నటి శబ్దాలను పట్టుకునే కణాలు. యంత్రాల దగ్గర పనిచేసినవాళ్లకి పరీక్ష చేస్తే 4000 హెర్ట్జ్ (ఈ అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నం, తగ్గేకొద్దీ లావు) చుట్టుపక్కల గీత కిందికి జారి కనిపిస్తుంది. లావు శబ్దాలను పట్టుకునే కణాలు చాలాకాలం నిలుస్తాయి.

ఇప్పుడు "చారు చల్లారిపోతోంది, త్వరగా రండి" అని మీరు అన్నారనుకోండి. అందులో అచ్చుల ధ్వని లావు, బలం ఎక్కువ. చ, త, ప, స లాంటి హల్లులు సన్నం, బలం తక్కువ. ఆయనకి అచ్చులు అందుతాయి, హల్లులు రాలిపోతాయి. ఎవరో ఏదో అన్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. రెండుసార్లు "ఏంటమ్మా" అని అడిగితే ఇంట్లో ఎవరో ఒకరు విసుక్కుంటారు. మూడోసారి అడగడం మానేస్తారు. పలకడం మానడం అలా వస్తుంది. మరి మీ మరిది బేస్ బాక్సులోంచి వచ్చేది దాదాపుగా 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్య శబ్దం. ఆయన చెవిలో ఇంకా గట్టిగా మిగిలి ఉన్నది అదే.

ఇంకొకటి కూడా ఉంది. లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లకి చిన్న శబ్దం అసలు అందదు, అందడం మొదలయ్యాక మాత్రం ఒక్కసారిగా పెద్దదైపోతుంది. మధ్యలో హాయిగా వినే జాగా ఇరుకైపోతుంది. దీన్ని డాక్టర్లు రిక్రూట్‌మెంట్ అంటారు. మామూలుగా అంటే "ఆఁ?" అనడం, కాస్త గొంతు పెంచితే "ఎందుకలా అరుస్తావ్, నాకేం చెవుడా" అనడం మీ ఇంట్లో జరుగుతుంటే, అది ఇదే.

ఇక ఆ "మోత" సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది డీజే లేని రాత్రుల మాట. మనం మోత అనే ఒక్క మాటని ఎన్నిటికో వాడతాం. వీధిలో డప్పుల మోత, రోడ్డు మీద లారీల మోత, పేపర్లో ధరల మోత. చెవిలో దానంతటదే పుట్టే చప్పుడునీ మోతే అంటాం. మీ మామగారు సాయంత్రం ఆరింటికి మోత అన్నది, రాత్రి రెండింటికి మోత అన్నది ఒకటే అనుకుని మీ ఇంట్లో అందరూ లెక్కలు తీస్తున్నారు. రెండోది చాలావరకు బయటిది కాదు. ఆయన చెవిలోది. ఇంగ్లీషు వైద్యంలో దాన్ని టినిటస్ అంటారు. వినికిడి తగ్గినవాళ్లలో చాలామందికి ఉంటుంది. పగలు ఇంటి సందడిలో కలిసిపోతుంది. ఊరు మాటుమణిగాక, పక్కన ఫ్యాను కూడా లేకపోతే, ఆ చప్పుడొక్కటే మిగులుతుంది. నిద్ర మత్తులో లేచిన మనిషికి అది బయటిదో లోపలిదో తెలియక, అలవాటుగా చిన్నకొడుకు మీదికి పోతుంది.

కాబట్టి ఆయనని కూర్చోబెట్టుకుని అడగండి. ఉత్తినే "మోతగా ఉందా" అని అడగొద్దు. గుయ్యిమంటోందా, కీచుమంటోందా, ఈగలు ముసిరినట్టు ఝుమ్మంటోందా, సముద్రం హోరులా ఉందా, దబ్‌దబ్‌మని నాడితో పాటు కొట్టుకుంటోందా? రెండు చెవుల్లోనా, ఒకదానిలోనా? పిల్లచేత కాగితం మీద రాయించండి. గుయ్యిమనడం, కీచుమనడం, అదీ రెండు పక్కలా అయితే, మిల్లులో పోయిన వినికిడితో వచ్చినది కావచ్చు. ఒక్క చెవిలోనే ఉన్నా, నాడితో పాటు కొట్టుకుంటున్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చెయ్యకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. ఒక చెవి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా మూసుకుపోతే అది ఆ రోజే చూపించాల్సిన సంగతి.

డీజే గురించి చెప్పేటప్పుడు ఆయన ఏ మాట వాడుతున్నారో కూడా గమనించండి. వినబడుతోంది అంటున్నారా, అదురుతోంది అంటున్నారా? పెద్ద బేస్ చెవితోనే కాదు, రొమ్ముతో, పొట్టతో, మంచం పట్టెలతో కూడా తెలుస్తుంది. మీ అటక మీద బిందెలకి చెవులు లేవు కదా. అయితే గుండె మీద చేతులు పెట్టుకోవడాన్ని అదురు లెక్కలోనే తోసెయ్యకండి. డెబ్బై రెండేళ్ల మనిషి. బీపీ చూపించి, ఒక ఈసీజీ తీయించండి. పెద్ద శబ్దానికి బీపీ పెరగడం ఉన్నదే.

వాసాల వంక చూస్తారన్న మాట మీరు మామూలుగా రాసేశారు. నేను అక్కడ ఆగాను. ఆయన వయసు కోనసీమ మనిషి 1996 నవంబరు 6 రాత్రి తుఫాను హోరు విన్నవాడు. ఇంటి కప్పు ఎగిరిపోతుందో నిలుస్తుందో తెలియక వాసాల వంక చూస్తూ తెల్లవార్లూ గడిపినవాళ్లు మన జిల్లాలో ఇంటికొకరున్నారు. దానికి ముందు ఏడాది, 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్, రెండు నెలల పైన ఆగని మంట, ఆగని గర్జన. ఆయన మనసులో ఏముందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. మీరు అడగొచ్చు. ఆ తుఫాను రాత్రి ఆయన ఎక్కడున్నారో మీ మరిదికి కూడా తెలియకపోవచ్చు, అప్పటికి పుట్టాడో లేదో.

ప్రభల తీర్థం దెప్పిపొడుపు కూడా తేలిపోతుంది. జగ్గన్నతోటలో కనుమనాడు ఏకాదశ రుద్రుల ప్రభలు చేరినప్పుడు డప్పుల మోత తక్కువేం కాదు. కానీ డప్పు మీద కర్ర పడితే ఠపీమని లేచి వెంటనే తగ్గిపోతుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి ఉంటుంది, మేళం ముందుకి కదిలిపోతుంది. బేస్ గదిలో చేరి కదలకుండా కూర్చుంటుంది. పైగా తీర్థానికి ఆయన తనంతట తాను వెళ్లారు, చాలనుకున్నప్పుడు వచ్చేశారు. తన మంచం మీద తన్నుకొచ్చే చప్పుడుని ఆపే వీలు ఆయన చేతిలో లేదు. అదే శబ్దం మన అదుపులో ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా బాధిస్తుంది. ఇది మీకూ నాకూ కూడా వర్తిస్తుంది, చెవులు బాగున్నా.

అయితే ఇప్పుడేం చెయ్యాలి?

చెవి పరీక్ష ఎలాగైనా తప్పదు. మిగతా దారులన్నిటికీ అదే మొదలు. ముందు గుబిలి గట్టిపడి ఉందేమో డాక్టరు చూస్తారు; ఒక్కోసారి అది తీస్తేనే సగం తేడా వస్తుంది. ఇంట్లో వేడి నూనె, వెల్లుల్లి రసం లాంటివి పొయ్యొద్దు. తరవాత వినికిడిని కొలిచే ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో ఈఎన్‌టీ విభాగం ఉంది, అమలాపురంలో ప్రైవేటుగానూ చూపించుకోవచ్చు. వచ్చే ఆడియోగ్రామ్ ఒక గ్రాఫు కాగితం: ఎడమ వైపు లావు శబ్దాలు, కుడి వైపు సన్నవి. ఆ గీత ఎడమ పైనుంచి కుడి కిందికి జారి ఉంటే, ఆ కాగితాన్ని మీ అత్తగారి ముందూ మరిది ముందూ పెట్టండి. మీరు వాదించనక్కర్లేదు. ఆయన అబద్ధమాడటం లేదని వాళ్లు కళ్లతో చూస్తారు. రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ దాటి లోపం ఉంటే సదరం శిబిరంలో చూపించి వైకల్య సర్టిఫికెట్ తీసుకునే వీలుంది.

వినికిడి యంత్రం రాస్తే, ఆడియోగ్రామ్‌కి సరిచేసి ఇచ్చేదే తీసుకోండి. ఫోన్‌లో చూసి తెప్పించే చవక పరికరాలు అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచుతాయి, బేస్‌తో సహా. అప్పుడు ఆయన దాన్ని పెరట్లోకి విసిరేస్తారు, మీరు "కొనిచ్చినా పెట్టుకోరు" అని ఇంకో ఉత్తరం రాస్తారు. సరిగా అమర్చిన యంత్రానికి కూడా అలవాటు పడటానికి వారాలు పడుతుంది. చాలామందికి దానితో చెవిలో గుయ్యిమనడం కూడా కాస్త మరుగునపడుతుంది. ఈలోగా ఎదురుగా వచ్చి, మొహం కనిపించేలా, మామూలు గొంతుతో నిదానంగా మాట్లాడండి. వంటింట్లోంచి కేకెయ్యడం మానండి. చెవుల్లో దూది, స్పాంజి ప్లగ్గులు ఆయనకి పనికిరావు. అవి సన్నటి శబ్దాల్నే ఎక్కువ ఆపుతాయి, లోపలి మోతని పెద్దది చేస్తాయి.

మరిది విషయానికి వస్తే, ఆ కుర్రవాడి మీద నాకు కోపం రావడం లేదు. అప్పుచేసి సొంతంగా ఒక పని పెట్టుకున్నాడు, పని దొరుకుతోంది. "మానేస్తావా లేదా" అని అడిగితే మానడు, మీ మాట మీద ఉన్న గౌరవం మాత్రం పోతుంది. మానితే వాయిదాలు ఎవరు కడతారు? ఈ వ్యాపారం పూర్తిగా ఆపడం చివరి దారి. దానికి ముందు చెయ్యగలిగినవి ఉన్నాయి.

మొదటిది ఆ షెడ్డు. గోడ ఎత్తు పెంచుతాననో, తలుపుకి గోనెపట్టా కడతాననో అంటాడేమో. దండగ. 50 హెర్ట్జ్ శబ్దం ఒక్కో అల సుమారు ఏడు మీటర్లు, అంటే ఇరవై రెండు, ఇరవై మూడు అడుగులు. ఆరడుగుల ప్రహరీ దానికి అడ్డు కాదు. కాలవలో పాతిన రాట చుట్టూ అల తిరిగి అవతల కలిసిపోయినట్టు పోతుంది. బాక్సు మొహం అటు తిప్పినా ఇంతే, బేస్ అన్ని వైపులకీ పాకుతుంది. ఇంకో తమాషా ఏంటంటే ఆ అలలో సగం పదకొండు అడుగులు. మన పెంకుటిళ్ల గదులు పది, పన్నెండు అడుగులే ఉంటాయి. అంటే గదే ఆ శబ్దాన్ని పట్టుకుని పెంచుతుంది, అదీ గోడల దగ్గరా మూలల్లోనూ ఎక్కువ. మీ మామగారి మంచం గోడకి ఆనించి ఉందా? ఇవాళే రెండు మూడు అడుగులు ఇవతలికి జరిపి చూడండి. పూర్తిగా పోదు, కొంత తగ్గొచ్చు. అటక మీద బిందెల మధ్య పాత చీర ముక్కలు దూర్చండి, ఆ గలగలైనా ఆగుతుంది.

నిజంగా పనిచేసేది దూరం. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీకు తోట ఉంటే, అందులో పశువుల మకాం లాంటిది ఖాళీగా ఉంటే, టెస్టింగ్ అక్కడికి మార్చమనండి. మూడు మీటర్ల దూరం నలభై ఎనిమిది మీటర్లయితే 24 డెసిబెల్స్ తగ్గినట్టు. దానికి ఇబ్బందులు లేకపోలేదు: కరెంటు లాగాలి, వర్షాకాలం చెమ్మకి స్పీకర్ల కోన్లు పాడవుతాయి, రాత్రి కాపలా కావాలి. అంత కుదరకపోతే సామాను షెడ్డులోనే ఉంచి టెస్టింగ్ ఒక్కటీ మానెయ్యమనండి. వైర్లు, కనెక్షన్లు చూసుకోవడానికి చిన్న వాల్యూమ్ చాలు. ఫుల్ సౌండ్ పరీక్ష ఫంక్షన్ చోట గంట ముందే వెళ్లి చేసుకోవచ్చు. వీధిలోవాళ్లకి తన బాక్సుల బలం చూపించుకునే సరదా పోతుందంతే. ఆ సరదా ఈ గొడవలో చిన్న భాగమేం కాదని నా అనుమానం.

అతనితో మాట్లాడేటప్పుడు నాన్న బాధతో మొదలెట్టకండి. అతని చెవులతో మొదలెట్టండి. "ఫంక్షన్ చేసొచ్చిన మర్నాడు పొద్దున్న నీకు చెవుల్లో గుయ్యిమంటుందా?" అని అడగండి. దాదాపు ఖాయంగా అవుననే అంటాడు. పనిచేసే చోట చెవికి 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు హద్దు అనీ, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ వేళ సగమవుతుందనీ లెక్క. 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే. అతను బాక్సుల పక్కన నాలుగైదు గంటలు నిలబడతాడు. తండ్రి చెవులు మిల్లు తీసుకుంది, తెలియని రోజుల్లో. ఇతనికి తెలుస్తోంది. మంచి ఇయర్ ప్లగ్గులు, లేదా ఇంజను దగ్గర పనివాళ్లు పెట్టుకునే మఫ్‌లు వాడమనండి. ఆడియోమెట్రీకి వెళ్లే రోజు అతన్నే తోడు తీసుకెళ్లి, అతనికీ ఒక పరీక్ష చేయించండి. తన గీతలో కూడా 4000 దగ్గర చిన్న గొయ్యి కనిపిస్తే, మీరూ నేనూ చెప్పేదానికంటే అది ఎక్కువ చెప్తుంది.

పోలీసుల సంగతి. మామగారికి ఆ హక్కు ఉంది, అది లేనట్టు మాట్లాడొద్దు. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం లౌడ్‌స్పీకరుకి రాతపూర్వక అనుమతి కావాలి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. పండగలకి, ఉత్సవాలకి ఏడాదిలో పదిహేను రోజులకి మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాల్ని గట్టిగా నిలబెట్టింది. పోలీసులు సామాను స్వాధీనం చేసుకోవచ్చు. ఒక తిరకాసు కూడా తెలుసుకోండి: ఈ హద్దులు కొలిచేది చెవి తీరుకి సరిచేసిన లెక్కలో. ఆ లెక్కలో 50 హెర్ట్జ్ శబ్దానికి దాదాపు 30 డెసిబెల్స్ కోత పడుతుంది. అంటే బిందెలు అదురుతున్నా మీటరు మీద అంకె అంత పెద్దగా కనిపించకపోవచ్చు. అంకె తక్కువొస్తే మామగారు మళ్లీ అబద్ధాలకోరు అవుతారు. అంకె ఎక్కువొస్తే సెట్టు స్టేషన్‌లో ఉంటుంది, వాయిదా తేదీ ఆగదు, తండ్రీకొడుకుల మధ్య మాట ఉండదు. బయటివాళ్ల డీజే అర్ధరాత్రి దాటి మోగుతుంటే 112కి ఫోన్ చెయ్యడానికి వెనకాడొద్దు. ఇంట్లో గొడవకి మాత్రం ఇంకా మెట్లున్నాయి.

అయితే ఆయనని వీధి చివరి నుంచి వెనక్కి తీసుకొచ్చారు సరే, తరవాత కూర్చోబెట్టి ఆయన అక్కడ ఏం చెప్పదలుచుకున్నారో ఎవరైనా విన్నారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లిన మనిషి తన మాట ఎక్కడో ఒకచోట కాగితం మీద పడాలనుకున్నాడు. ఆ కాగితం ఇంట్లోనే రాయించుకోండి: టెస్టింగ్ ఎక్కడ, ఎన్నింటి దాకా, నెలకి ఎన్నిసార్లు. మరిదిచేత సంతకం పెట్టించండి. నవ్వులాటగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

భీమవరం పంపడం గురించి. ఆడపడుచు మనసుతో పిలిచింది, ఆయనకి ఇష్టమైతే వెళ్లి నెల రోజులు ఉండి రావచ్చు. చెవిలో మోత మాత్రం ఆయనతో పాటే బస్సెక్కుతుంది. అక్కడ కూడా అర్ధరాత్రి లేచి "ఆపమను" అంటే, అల్లుడి ఇంట్లో అది ఇంకా చిన్నతనం. అందుకే పరీక్షకి ముందు పంపొద్దంటాను. ఇంకో మాట. మాఘంలో మంచు పట్టిన రాత్రుల్లో నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చటి గాలి ఉండి శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. ఏటి అవతలి ఊళ్లో డీజే మీ అరుగు మీద వినిపించేది అందుకే. దూరంలో పాటంతా పోయి లావు దెబ్బ ఒక్కటే చేరుతుంది. మీ మరిది ఇంట్లో ఉన్న రాత్రి కూడా ఆయన చెప్పింది కొన్నిసార్లు నిజమే అయ్యుండొచ్చు.

ఓణీల ఫంక్షన్‌కి నాకు కనిపించే దారులు మూడు. ఇంటి ముందే అన్ని బాక్సులూ పెట్టి, మామగారు భీమవరంలో ఉండటం. గొడవ ఆ రోజుకి ఉండదు. తాతయ్య లేని ఫొటోలు మాత్రం ఆల్బమ్‌లో ఉండిపోతాయి, చుట్టాలు అడిగిన ప్రతిసారీ మీరు ఏదో ఒకటి చెప్పాలి. లేదా ఫంక్షన్ హాలు తీసుకోవడం. ఖర్చు పెరుగుతుంది, మామగారు తంతుకి వచ్చి, పాటలు మొదలయ్యాక ఇంటికి వెళ్లిపోవచ్చు. మూడోది, ఇంటి దగ్గరే పగటిపూట చెయ్యడం: అక్షింతలకీ భోజనాలకీ సన్నాయి మేళం, సాయంత్రం పిల్లల డాన్సులకి రెండు గంటలు టాపులు మాత్రమే, ఉంటే ఒక్క బేస్ బాక్సు, అదీ మామగారి గదికి ఎంత వీలైతే అంత దూరంగా. మరిదికి ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. అన్నకూతురి ఫంక్షన్‌లో తన సెట్టు మోగకపోతే ఊళ్లో బేరాలు పోతాయంటాడు. ఆ బాధ అబద్ధం కాదు. లైట్లు, పూలతో స్టేజీ, మైకు, యాంకరింగు అతని చేతిలో పెట్టండి, పేరు అక్కడ వస్తుంది. నాకైతే మూడోదే నచ్చింది, ఇల్లు మీది గనక మీరు తేల్చుకోవాలి. పాపకి ఏం కావాలో అన్ని పేజీల్లో ఎక్కడా లేదు. ముందు ఆ పిల్లని అడగండి. తాతయ్య కావాలో, ఎనిమిది బాక్సులు కావాలో వాళ్లిద్దరి ముందూ అడగొద్దు, విడిగా అడగండి.

చివర ఆ బంగారం. ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, మరిదిని గట్టిగా అడగలేకపోవడానికీ మామగారిని అనుమానించడానికీ కూడా అదే కారణమేమో చూసుకోండి. సెట్టు ఆగితే మీ ఆరు కాసులూ ఆగుతాయి. ఆ భయం తప్పేం కాదు, దాన్ని విడిగా తేల్చుకోవాలంతే. తాకట్టు చీటీ ఎవరి పేరున ఉందో ఇవాళే చూడండి. అతని పేరున ఉంటే డబ్బు కట్టినా బంగారం మీ చేతికి నేరుగా రాదు. గడువు తేదీ, ఇప్పటిదాకా కట్టిన వడ్డీ, మిగిలిన అసలు రాసుకోండి. గడువు దాటితే నోటీసిచ్చి వేలం వేస్తారు. పెళ్లిళ్ల సీజనులో వచ్చే ప్రతి బేరం నుంచి ఇంత అని మీ చేతికిచ్చేలా ఇప్పుడే మాట్లాడుకోండి, భర్తని ఫోన్‌లో పెట్టుకుని మరీ. "నువ్వే సర్దు" అన్నారుగా, సర్దుతున్నప్పుడు ఆయన కూడా వినాలి. వీలైనప్పుడు తిరగరాయించి చీటీ మీ పేరుకి మార్పించుకోండి.